ఎకోలో యాన్యులస్ (వాల్వు కూర్చునే వలయం) 19 అని వస్తే 19 వాల్వే తెప్పించాలా? మెకానికల్ వాల్వు సైజు మీద సందేహం

హార్బర్ సిస్టర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. వైజాగ్‌లో కార్డియాక్ ఓటీలో వాల్వుల స్టాకు, ఇండెంటు (తెప్పించాల్సిన వాటి జాబితా) చూసుకునే పని ఈ నెల నుంచి నాది. పాత రిజిస్టరు మొదటి పేజీలో "ఎకో సైజు ఎంతో అది, దానికి ఇటొకటి, అటొకటి" అని రాసి ఉంది. అలాగే తెప్పిస్తున్నాం, కానీ లెక్క కుదరడం లేదు. ఎకోలో 21 అని ఉన్నప్పుడు ఒక కంపెనీ 21 హాయిగా కూర్చుంటోంది, ఇంకో కంపెనీ 21 అయితే సైజర్ (ఓటీలో యాన్యులస్ కొలిచే పరికరం) దగ్గరే ఆగిపోతోంది.

రెండు కేసుల కొలతలు పెడుతున్నాను. ఇవి ఏ ఒక్క పేషెంటువీ కావు. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచి మన ఊరికి వచ్చేవాళ్లలో తరచూ కనిపించే కొలతలు.

మొదటిది: 152 సెం.మీ. ఎత్తు, 46 కేజీలు, మహిళ. రుమాటిక్ జబ్బు, మిట్రల్, అయోర్టిక్ రెండూ మార్చాలి. ఎకోలో అయోర్టిక్ యాన్యులస్ 19.

రెండోది: 168 సెం.మీ., 70 కేజీలు, పురుషుడు. బైకస్పిడ్ (మూడుకి బదులు రెండే రెక్కలున్న) వాల్వు, బాగా కాల్షియం పట్టింది. ఎకోలో 21, సీటీలో యాన్యులస్ చుట్టుకొలత 72 మి.మీ.

వీళ్లకి ఏయే సైజులు ఓటీలో ఉండాలి? ఎందుకు? సప్లయర్ ఇచ్చిన చార్టులో వైశాల్యం అని ఒక వరుస ఉంది, దాన్ని చూసి ఎంచుకోవచ్చా? డాక్టర్లు చెప్పింది తెప్పిస్తే నా పని అయిపోతుంది, కానీ కారణం తెలిస్తే ముందే సిద్ధంగా ఉండొచ్చని అడుగుతున్నాను.

సింహగిరి సీటీవీఎస్

సిస్టర్, చాలా మంచి ప్రశ్న. ముందు పెట్టె మీద అంకె సంగతి తేల్చుకుందాం. ఒక కంపెనీ 7 నంబరు చెప్పు సరిపోయి, ఇంకో కంపెనీ 7 నంబరు కరిచినట్టే ఇక్కడా జరుగుతుంది.

ఒక వాల్వుకి మూడు వ్యాసాలు ఉంటాయి. రక్తం పోయే లోపలి రంధ్రం ఒకటి, దాని చుట్టూ ఉండే గట్టి హౌసింగ్ బయటి కొలత ఒకటి, కుట్లు వేసే గుడ్డ రింగు బయటి కొలత ఇంకొకటి. పెట్టె మీద 19, 21, 23 అని ఉండేది ఈ మూడింటిలో ఏదో ఒకటి కచ్చితంగా కాదు. "ఇంత యాన్యులస్‌కి ఇది" అని కంపెనీ పెట్టుకున్న పేరు అది. గుడ్డ రింగు యాన్యులస్ లోపల దిగేలా ఒకరు చేస్తారు, పైన కూర్చునేలా ఇంకొకరు చేస్తారు. మీ దగ్గర రెండు 21లు రెండు రకాలుగా ప్రవర్తించడానికి కారణం ఇదే.

ఒకదాన్ని దగ్గర నుంచి చూడండి. సెయింట్ జూడ్ అనే కంపెనీ స్టాండర్డ్ అయోర్టిక్ 19 తీసుకుంటే లోపలి రంధ్రం దాదాపు 14.7 మి.మీ. మాత్రమే. పేరులో ఉన్న 19కీ దీనికీ మధ్య నాలుగు మి.మీ. పైన తేడా. ఆ తేడా అంతా హౌసింగ్ గోడ, గుడ్డ రింగు తినేశాయి. అదే కంపెనీ రీజెంట్ మోడల్‌లో గుడ్డ రింగును పైకి జరిపి, అదే యాన్యులస్‌లో పెద్ద హౌసింగ్ పట్టేలా చేశారు. పెట్టె మీద రెండింటికీ 19 అనే ఉంటుంది.

ఇప్పుడు మీ చార్టులోని వైశాల్యం. 14.7 మి.మీ. రంధ్రానికి లెక్క వేస్తే 1.7 చ.సెం.మీ. వస్తుంది. చార్టుల్లో ఎక్కువగా వేసేది ఇదే, అంటే స్కేలు పెట్టి కొలిచిన వైశాల్యం. కానీ రెక్కలు తెరుచుకున్నా రక్తానికి కొంత అడ్డే. పైగా రంధ్రం దాటాక ధార ఇంకా సన్నబడుతుంది. మనుషుల్లో పెట్టాక ఎకోతో కొలిస్తే ఆ 19కి సగటున 1.0 చ.సెం.మీ. వస్తోంది. దీన్ని ఎఫెక్టివ్ ఆరిఫిస్ ఏరియా, ఈవోఏ అంటాం. సైజు ఎంపికకి పనికొచ్చేది ఈ ఈవోఏ ఒక్కటే. చార్టులో 1.6, 1.7 అని చూసి "సరిపోతుంది" అనుకుంటే పేషెంటుకి సగానికి కొంచెం ఎక్కువే అందుతుంది.

అందరూ వాడే రిఫరెన్సు పట్టికల సగటు ఈవోఏ విలువలు ఇవి (చ.సెం.మీ.లో), రిజిస్టరులో రాసుకోండి. సెయింట్ జూడ్ స్టాండర్డ్: 19కి 1.0, 21కి 1.4, 23కి 1.5, 25కి 2.1. రీజెంట్: 19కి 1.6, 21కి 2.0, 23కి 2.2, 25కి 2.5. ఆన్-ఎక్స్ (ఇంకో కంపెనీది): 19కి 1.5, 21కి 1.7, 23కి 2.0, 25కి 2.4. సగటులు కాబట్టి పేషెంటుని బట్టి అటూఇటూ అవుతాయి, రీజెంట్ పెద్ద సైజుల్లో ఆ తేడా బాగా ఎక్కువ. అయినా ఒక కంపెనీ 19, ఇంకో మోడల్ 23తో సమానంగా రక్తం పంపగలదని ఈ అంకెలే చెబుతున్నాయి.

ఇక మనిషికి ఎంత కావాలి? శరీర ఉపరితలం, అంటే బీఎస్‌ఏ, మాస్టెల్లర్ సూత్రంతో వేయండి. ఎత్తు సెంటీమీటర్లలో, బరువు కేజీల్లో తీసుకుని గుణించి, 3600తో భాగించి, వర్గమూలం తీయాలి. ఫోన్‌లో ఉన్న కాలిక్యులేటర్ చాలు. ఈవోఏని బీఎస్‌ఏతో భాగిస్తే అయోర్టిక్‌లో 0.85 కన్నా ఎక్కువ రావాలి. 0.85 నుంచి 0.65 మధ్య ఉంటే మధ్యస్థ మిస్‌మ్యాచ్, 0.65 లేదా అంతకన్నా తక్కువైతే తీవ్ర మిస్‌మ్యాచ్. ఈ మిస్‌మ్యాచ్ అన్న భావన 1978లో రహీంతూలా చెప్పింది. వాల్వు బాగానే పనిచేస్తుంది, కానీ ఆ మనిషికి చిన్నది. బీఎమ్ఐ 30 దాటిన లావుపాటి మనిషికి ఈ గీతలు 0.70, 0.55కి దిగుతాయి, ఎందుకంటే కొవ్వుకి కండకి కావలసినంత రక్తం అక్కర్లేదు.

మీ రెండో కేసు ముందు చూద్దాం. 168ని 70తో గుణిస్తే 11,760. 3600తో భాగిస్తే 3.27, వర్గమూలం 1.81. 0.85తో గుణిస్తే 1.54 చ.సెం.మీ. కావాలి. స్టాండర్డ్ 19 పెడితే 0.55, తీవ్రం. స్టాండర్డ్ 21 పెడితే 0.77. స్టాండర్డ్ 23 పెట్టినా 0.83, అంచు మీదే. అదే రీజెంట్ 21 అయితే 1.1, ఆన్-ఎక్స్ 21 అయితే 0.94. కాబట్టి ఇక్కడ అడగాల్సింది "21నా 23నా" అని కాదు, "ఏ మోడల్ 21" అని.

మొదటి కేసులో బీఎస్‌ఏ 1.39, కావలసింది 1.18. స్టాండర్డ్ 19తో 0.72 వస్తుంది, ఇప్పటికి మధ్యస్థమే కదా అనిపిస్తుంది. కానీ రుమాటిక్ పేషెంట్లు ఏళ్ల తరబడి ఆకలి లేక, ఆయాసంతో చిక్కిపోయి వస్తారు. ఆపరేషన్ అయ్యాక తింటారు, ఒళ్లు చేస్తారు. అదే ఆవిడ 55 కేజీలకి వస్తే బీఎస్‌ఏ 1.52, అప్పుడు స్టాండర్డ్ 19 విలువ 0.66కి పడిపోతుంది, తీవ్రం గీత దగ్గరికి వచ్చేస్తుంది. అందుకని చిక్కిన పేషెంటుకి ఈ రోజు బరువుతో కాక, ఆ ఎత్తుకి ఉండాల్సిన బరువుతో లెక్క వేయాలి. నా మటుకు ఇది అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయే సంగతి.

చిన్న తేడాకి ఇంత పట్టుదల ఎందుకంటే, ఒకే రక్తప్రవాహం దగ్గర గ్రేడియెంట్ (వాల్వుకి రెండు వైపులా ఉండే ప్రెషరు తేడా) ఈవోఏ వర్గానికి విలోమంగా ఉంటుంది. ఈవోఏ 1.5 నుంచి 1.0కి తగ్గితే గ్రేడియెంట్ రెండుంపావు రెట్లు పెరుగుతుంది. మెట్లెక్కినప్పుడు ఇంకా పెరుగుతుంది. ఎడమ జఠరిక మందం తగ్గాల్సినంత తగ్గదు.

గాజువాక గేట్

సైజర్ ఎంత పట్టిందో దానికన్నా ఒక సైజు పెద్దదే పెడితే గొడవే లేదు కదా సార్? కుట్లు గట్టిగా ఉంటే అదే సర్దుకుంటుంది. రెండు నంబర్ల తేడాలో ఏముంది?

సింహగిరి సీటీవీఎస్

వద్దండి, అలా అస్సలు చేయకూడదు. మెకానికల్ వాల్వు హౌసింగ్ గట్టిది, అది వంగదు. వంగాల్సింది, చిరగాల్సింది పేషెంటు కణజాలమే. పెద్దది నొక్కి పెడితే ఒక పక్క యాన్యులస్ మీద కూర్చోదు, కుట్టు ముడి బిగించినప్పుడు దారం కణజాలాన్ని కోస్తుంది, అక్కడ పక్కనుంచి లీకు మొదలవుతుంది. అయోర్టిక్‌లో గుడ్డ రింగు పైకి లేచి కరోనరీ (గుండె కండకి రక్తం ఇచ్చే ధమని) ముఖద్వారాన్ని మూయవచ్చు, ముఖ్యంగా ఆ ద్వారం యాన్యులస్‌కి పది మి.మీ. లోపే ఉన్నప్పుడు. మిట్రల్‌లో ఇంకా ప్రమాదం. వెనక గోడ దగ్గర ఏవీ గ్రూవ్ (కర్ణికకి, జఠరికకి మధ్య గాడి) చిట్లితే చాలామందిని కాపాడలేం. పెద్ద మిట్రల్ వాల్వు చిన్న జఠరికలో పడితే ఎడమ జఠరిక బయటి దారిని అడ్డుకుంటుంది, లేదా రెక్క గోడకి తగిలి ఆగిపోతుంది.

పెద్ద ఈవోఏ కావాలంటే సరైన దారులు ఉన్నాయి. మొదటిది, అదే యాన్యులస్‌లో మంచి ఈవోఏ ఇచ్చే మోడల్ ఎంచుకోవడం. రెండోది కుట్టు పద్ధతి. ప్లెడ్జెట్లు (కుట్టు కోయకుండా వేసే చిన్న మెత్తని ముక్కలు) యాన్యులస్ కింద, జఠరిక వైపు పెట్టి నాన్-ఎవర్టింగ్ కుట్లు వేస్తే వాల్వు యాన్యులస్ పైన కూర్చుంటుంది, తరచూ ఒక సైజు పెద్దది పడుతుంది. ప్లెడ్జెట్లు పైన పెట్టి ఎవర్టింగ్ కుట్లు వేస్తే కణజాలం లోపలికి మడత పడి చోటు తింటుంది. మూడోది, అయోర్టిక్ వేరు, అంటే అయోర్టా మొదలు భాగం, వెడల్పు చేయడం. నిక్స్ పద్ధతిలో నాన్-కరోనరీ సైనస్ మధ్యగా కింది వరకు కోసి ప్యాచ్ పెడితే దాదాపు ఒక సైజు పెరుగుతుంది. మానూగియన్ పద్ధతిలో లెఫ్ట్, నాన్-కరోనరీ మధ్య కమిష్యూర్ (రెక్కలు కలిసే చోటు) గుండా మిట్రల్ ముందు రెక్క మీదకి కోత వెళుతుంది, పెరుగుదల ఎక్కువ, పనీ ఎక్కువ. మిచిగన్‌లో బో యాంగ్ 2020లో మొదలుపెట్టిన వై ఆకారపు కోతతో మిట్రల్ జోలికి పోకుండానే రెండు మూడు సైజులు పెరుగుతున్నాయి. ముందు వైపు నుంచి చేసే కోనో పద్ధతి ఎక్కువగా పిల్లలకి.

మీ మొదటి పేషెంటుకి 19 రీజెంటో ఆన్-ఎక్సో దొరికితే వీటి అవసరమే రాదు. స్టాండర్డ్ 19 ఒక్కటే షెల్ఫులో ఉంటే మాత్రం సర్జన్ అయోర్టిక్ వేరు కోయాల్సి వస్తుంది. సిస్టర్, మీ ఇండెంటు విలువ ఇక్కడ ఉంది.

యారాడ ఎకో

ఎకో వైపు నుంచి రెండు మాటలు.

మేం 19 అని రాసేది పారాస్టెర్నల్ లాంగ్ యాక్సిస్‌లో (రొమ్ము ఎముక పక్క నుంచి గుండెను నిలువుగా చూసే కోణంలో), జూమ్ చేసి, సిస్టోల్ మధ్యలో, రెక్కలు అతుక్కునే చోటు నుంచి అవతలి అతుకు వరకు, లోపలి అంచు నుంచి లోపలి అంచు వరకు తీసిన కొలత. యాన్యులస్ గుండ్రం కాదు, కోడిగుడ్డు ఆకారం. లాంగ్ యాక్సిస్‌లో ఎక్కువగా దొరికేది చిన్న వ్యాసం. అందుకే ఎకో అంకె తరచూ తక్కువ చూపిస్తుంది. కాల్షియం నీడ పడితే గీత ఎక్కడ పెట్టాలో కూడా తెలియదు, ఒకటి రెండు మి.మీ. అటూఇటూ సహజం.

మీ రెండో కేసు దీనికి మంచి ఉదాహరణ. చుట్టుకొలత 72ని 3.14తో భాగిస్తే 22.9 మి.మీ. ఎకోలో 21, సీటీలో దాదాపు 23, రెండూ తప్పు కాదు. కాల్షియం గీకాక సైజర్ 23 పట్టడానికి ఎక్కువ అవకాశం. కాబట్టి ఎకో 21 చూసి 19, 21, 23 తెప్పిస్తే పై వైపు ఖాళీ ఉంటుంది. 21, 23, 25 ఉంచండి. ఎకో రిపోర్టులో అంకె ఒక్కటే కాక, "కాల్షియం ఎక్కువ, కొలత నమ్మకం తక్కువ" లాంటి వాక్యం ఉందా చూడండి. లేకపోతే ఫోన్ చేసి అడగండి, మేమేం అనుకోం.

సైజు సరిపోయిందా లేదా తేలేది కూడా మా దగ్గరే. డిశ్చార్జ్ ముందు ఒకసారి చూసినా, అసలైన బేస్‌లైన్ ఎకో ఆరు వారాల నుంచి మూడు నెలల మధ్యలో చేయాలి. అప్పటికి రక్తహీనత, జ్వరం, గుండె దడ తగ్గి ఉంటాయి. అయోర్టిక్‌లో గరిష్ఠ వేగం సెకనుకి 3 మీటర్ల లోపు, సగటు గ్రేడియెంట్ 20 లోపు, డీవీఐ (వాల్వుకి ముందు రక్తవేగాన్ని వాల్వులోని వేగంతో భాగిస్తే వచ్చే అంకె) 0.30 లేదా పైన, యాక్సిలరేషన్ టైమ్ (ధార గరిష్ఠ వేగం అందుకునే సమయం) 80 మిల్లీసెకన్ల లోపు ఉంటే నిశ్చింత. గ్రేడియెంట్ 28 వచ్చి డీవీఐ 0.35, యాక్సిలరేషన్ టైమ్ 75 ఉంటే వాల్వు చెడలేదు, మనిషికి చిన్నది అయి ఉండొచ్చు లేదా ప్రవాహం ఎక్కువ. డీవీఐ 0.25 కన్నా తక్కువ, టైమ్ 100 దాటితే గడ్డో, పానస్ (వాల్వు చుట్టూ పెరిగే మచ్చ) కణజాలమో అడ్డుపడుతోందని అనుమానించి రెక్కల కదలిక చూడాలి. ఇంకో సంగతి, రెండు రెక్కల వాల్వులో మధ్య సన్నని చీలిక గుండా వెళ్లే ధార చాలా వేగంగా ఉంటుంది. డాప్లర్ దాన్ని పట్టుకుంటే గ్రేడియెంట్ నిజం కన్నా ఎక్కువ చూపిస్తుంది. చిన్న సైజుల్లో ఇది మరీ ఎక్కువ. ఒక్క గ్రేడియెంట్ అంకె చూసి పేషెంటుని భయపెట్టొద్దు.

అందుకే డిశ్చార్జ్ సమ్మరీలో వాల్వు పేరు, మోడల్, సైజు, సీరియల్ నంబరు తప్పకుండా ఉండాలి. "మెకానికల్ ఏవీఆర్ (అయోర్టిక్ వాల్వు మార్పిడి) జరిగింది" అని ఒక్క ముక్క రాసి పంపితే ఏ ఈవోఏతో పోల్చాలో తెలియక మేం గాల్లో బాణం వేసినట్టే.

హార్బర్ సిస్టర్

సార్, మేడమ్, చాలా చాలా థాంక్స్. రిజిస్టరులో పట్టిక రాసుకున్నాను. ఇంకో మూడు అడుగుతాను. మిట్రల్‌కి లెక్క ఇలాగే వేయాలా? రెండు వాల్వులూ మార్చేటప్పుడు అయోర్టిక్ సైజు మారుతుందని అంటారు, నిజమేనా? మా దగ్గర టీటీకే చిత్రా కూడా ఉంటుంది, సెయింట్ జూడ్ సైజర్‌తో కొలిచి చిత్రా తీసుకోవచ్చా?

భీమిలి స్క్రబ్

మూడోది నేను చెబుతాను సిస్టర్, అది మన టేబుల్ మీద జరిగే పని.

కొలిచి తీసుకోకూడదు. ఏ వాల్వు పెడతారో ఆ కంపెనీ, ఆ మోడల్ సైజర్‌తోనే కొలవాలి. చిత్రా టిల్టింగ్ డిస్క్ వాల్వు. తిరువనంతపురం శ్రీచిత్రలో తయారై 1990లో మొదటిసారి మనిషికి పెట్టారు. లోహపు పంజరంలో పాలిథీన్ డిస్కు తిరుగుతుంది. దాని గుడ్డ రింగు, హౌసింగ్ కొలతలు వేరు. సెయింట్ జూడ్ సైజర్ 21 దిగిందని చిత్రా 21 తెరిస్తే, పెట్టె తెరిచాక వెనక్కి పంపలేం. ఇంకోటి, చిత్రా డిస్కు ఎక్స్‌రేకి కనిపించదు, తర్వాత ఎప్పుడైనా అనుమానం వస్తే ఫ్లోరోస్కోపీలో (కదలిక చూపే ఎక్స్‌రేలో) డిస్కు కదలిక దొరకదు, ఎకో మీదే ఆధారపడాలి. కార్బన్ రెక్కల వాల్వులైతే ఫ్లోరోలో రెండు గీతల్లా కనబడతాయి.

సైజర్లు చూసుకోవాల్సిన తీరు చెబుతాను. ఎక్కువ సెట్లలో ఒక చివర స్తంభంలా ఉంటుంది, ఇంకో చివర వాల్వు నమూనాలా అంచుతో ఉంటుంది. స్తంభం చివర యాన్యులస్‌లోంచి దిగాలి, నొక్కకుండా, అలాగని గలగలా జారకుండా. నమూనా చివర యాన్యులస్ మీద చుట్టూ ఆనాలి, కరోనరీ ద్వారాలు దాని పైన కనబడాలి. ఒక చివరతో కొలిచి రెండోది వదిలేస్తే సగం కొలతే. కమిష్యూర్ల దగ్గర పట్టిన కుట్లని అసిస్టెంటు గట్టిగా లాగి ఉంచితే యాన్యులస్ సాగి ఒక సైజు పెద్దది పడుతుంది, వదిలితే పట్టదు. కొలిచేటప్పుడు లాగుడు వదలమని గుర్తు చేయండి. కాల్షియం మొత్తం తీశాకే చివరి కొలత. ముందు కొలిచింది లెక్కలోకి రాదు.

సైజర్ పదేపదే ఆటోక్లేవ్ చేస్తుంటే అంకె చెరిగిపోతుంది. 21ని 23గా చదివిన సందర్భాలు ఉంటాయి. ప్రతి లిస్టుకి ముందు సెట్టు విప్పి, అంకెలు కనబడుతున్నాయా, పిడి దగ్గర పగులు ఉందా చూసుకోండి. పగిలినది పక్కన పడేయండి, మొహమాటం వద్దు.

సర్జన్ సైజు చెప్పేదాకా పెట్టె సీలు తీయకూడదు. చెప్పాక బయట ఉన్న సిస్టర్ పైకి చదవాలి: కంపెనీ, మోడల్, అయోర్టిక్ లేక మిట్రల్, సైజు, ఎక్స్‌పైరీ. సర్జన్ విని "అవును" అనాలి. రెండు వాల్వులూ మార్చే రోజున అయోర్టిక్ 25, మిట్రల్ 25 పెట్టెలు పక్కపక్కనే ఉంటాయి, పొరపాటు అక్కడే. రెండు వేర్వేరు ట్రాలీల మీద ఉంచండి. సీరియల్ స్టిక్కర్లు కేసు షీటుకి ఒకటి, పేషెంటు కార్డుకి ఒకటి, ఎన్టీఆర్ వైద్య సేవ కేసైతే ఆ ఫైలుకి ఒకటి.

కుట్లకి 2-0 అల్లిన పాలిస్టర్, ప్లెడ్జెట్లతో. ఆకుపచ్చ, తెలుపు ఒకటి విడిచి ఒకటి ఇస్తే దారాలు కలిసిపోవు. అయోర్టిక్‌కి పన్నెండు నుంచి పదిహేను పడతాయి. వాల్వు కిందికి జారేటప్పుడు దారాల మీద సెలైన్ పోస్తే మృదువుగా దిగుతుంది. ముడులు పడ్డాక తోకలు పొట్టిగా కత్తిరించాలి, పొడుగు తోక రెక్కకి అడ్డుపడుతుంది. హోల్డర్ తీశాక రెక్కల కదలిక చూడటానికి కంపెనీ ఇచ్చిన మెత్తని టెస్టరే వాడాలి. ఫోర్సెప్స్ మొనతో తాకితే కార్బన్ మీద గీత పడుతుంది, ఆ గీత దగ్గరే తర్వాత గడ్డ కట్టొచ్చు. రెండు రెక్కలూ పూర్తిగా తెరుచుకుని పూర్తిగా మూసుకోవాలి. ఒకటి సగంలో ఆగితే వాల్వును గుడ్డ రింగులో తిప్పాలి, దానికీ కంపెనీ రొటేటరే.

సింహగిరి సీటీవీఎస్

భీమిలి మేడమ్ చెప్పాక మిగిలినవి రెండు.

మిట్రల్‌కి గీత వేరు. ఈవోఏని బీఎస్‌ఏతో భాగిస్తే 1.2 పైన ఉంటే మంచిది, 1.2 నుంచి 0.9 మధ్యస్థం, 0.9 లేదా కింద తీవ్రం. సెయింట్ జూడ్ మిట్రల్‌లో సగటులు 25కి 1.5, 27కి 1.7, 29కి 1.8, 31కి 2.0. మీ మొదటి పేషెంటుకి 1.2 × 1.39 అంటే 1.67, కాబట్టి 27 సరిపోతుంది. రెండో కేసు లాంటి మనిషికి మిట్రల్ మార్చాల్సి వస్తే 2.17 కావాలి, 31 పెట్టినా అందదు. అలాంటప్పుడు 33 కోసం యాన్యులస్‌ని చింపడంలో అర్థం లేదు. పెద్ద సైజుల్లో కొన్ని కంపెనీలు హౌసింగ్ మార్చకుండా గుడ్డ రింగు ఒక్కటే పెద్దది చేస్తాయి, పెట్టె మీద అంకె పెరుగుతుంది కానీ రంధ్రం పెరగదు. మిట్రల్‌లో తీవ్ర మిస్‌మ్యాచ్ తప్పిస్తే చాలు, ఆ పైన భద్రంగా కూర్చోవడమే ముఖ్యం.

రెండు రెక్కల వాల్వును మిట్రల్‌లో పెట్టేటప్పుడు రెక్కల మధ్య గీత సహజ వాల్వు మూసుకునే గీతకి అడ్డంగా ఉండేలా పెడతాం. వెనక వదిలిన కార్డే (రెక్కల్ని పట్టి ఉంచే తీగలు) తగిలినా రెండు రెక్కలూ ఒకేసారి ఇరుక్కోవు. టిల్టింగ్ డిస్క్ అయితే పెద్ద రంధ్రం వెనక వైపుకి.

ఇక రెండూ మార్చేటప్పుడు. అయోర్టిక్, మిట్రల్ యాన్యులస్‌లకి మధ్య ఒక ఉమ్మడి గోడ ఉంటుంది. మిట్రల్‌లో గట్టి రింగు దిగగానే ఆ గోడ అయోర్టిక్ వైపు తోసుకొస్తుంది. ముందు 21 పట్టిన చోట తర్వాత 19 పట్టడం మామూలే. అందుకని అయోర్టిక్ వాల్వు తీసి, కాల్షియం గీకి ఒకసారి కొలిచి, మిట్రల్ కూర్చోబెట్టాక మళ్లీ కొలిచే అయోర్టిక్ పెట్టె తెరవాలి. మొదటి కొలతకే సీలు తీస్తే ఆ వాల్వు పేషెంటుకీ పట్టదు, కంపెనీకీ వెనక్కి వెళ్లదు.

పెదవాల్తేరు పెర్ఫ్యూజన్

పంపు (హార్ట్-లంగ్ మెషీన్) దగ్గర నుంచి ఒక చిన్న మాట. అయోర్టిక్ వేరు వెడల్పు చేయడానికి క్లాంప్ సమయం (అయోర్టాని బిగించి ఉంచే సమయం) పెరుగుతుంది. ఆ సంభావ్యత ముందే తెలిస్తే కార్డియోప్లీజియా (గుండెను ఆపి ఉంచే ద్రవం) తర్వాతి డోసు ఎప్పుడో లెక్క వేసుకుని ఉంటాం, ప్యాచ్ కూడా టేబుల్ మీద సిద్ధంగా ఉంటుంది. మధ్యలో "19 పట్టడం లేదు, ప్యాచ్ తెండి" అంటే అందరం పరిగెత్తాలి. చిన్న యాన్యులస్ కేసు అని తెల్లవారే బోర్డు మీద రాయండి. పంపు నుంచి బయటికి వచ్చిన వెంటనే టీఈఈలో (అన్నవాహిక గుండా చేసే ఎకోలో) గ్రేడియెంట్ ఎక్కువ కనిపిస్తే కంగారు పడొద్దు, ఐనోట్రోపులు (గుండె బలంగా కొట్టుకోవడానికి ఇచ్చే మందులు) నడుస్తూ, రక్తం పలచగా ఉండగా ప్రవాహం ఎక్కువే ఉంటుంది. ప్రెషరు, రేటు ఎంత ఉన్నాయో పక్కన రాసి పెట్టండి.

గాజువాక గేట్

సింహగిరి సార్, సర్ది చెప్పినందుకు ధన్యవాదాలు, పెద్దదే మేలు అనుకోవడం తప్పని అర్థమైంది. ఒక్కటి చెప్పండి, మంచి ఈవోఏ ఉన్న వాల్వు పెడితే అసిట్రోమ్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) తగ్గించొచ్చా?

సింహగిరి సీటీవీఎస్

లేదండి. మందు మోతాదు సైజుని బట్టి మారదు, వాల్వు ఎక్కడ ఉంది, ఏ రకం అన్నదాన్ని బట్టి మారుతుంది. రెండు రెక్కల అయోర్టిక్‌కి, ఇతర ప్రమాద కారణాలు లేకపోతే, ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చూపే పరీక్ష) లక్ష్యం 2.5. మిట్రల్‌కి 3.0, రెండూ మారిస్తే మిట్రల్ లెక్కే. ఆన్-ఎక్స్ అయోర్టిక్‌కి మాత్రం మొదటి మూడు నెలల తర్వాత, తక్కువ మోతాదు ఆస్పిరిన్‌తో కలిపి 1.5 నుంచి 2.0 వరకు అనుమతి ఉంది, అదీ డాక్టర్ నిర్ణయించాలి. డాబిగాట్రాన్, అపిక్సాబాన్ లాంటి కొత్త మందులు మెకానికల్ వాల్వులకి వాడకూడదు, ట్రయల్స్‌లో గడ్డలు ఎక్కువ వచ్చాయి. అసిట్రోమ్ వాడేవాళ్లని తోటకూర, మునగాకు మానేయమని చెప్పడం కన్నా, వారానికి ఎంత తింటారో అంతే స్థిరంగా తినమని చెప్పడం మేలు. ఆ మొదటి కేసు లాంటి పేషెంటు పిల్లలు కనే వయసులో ఉంటే సైజు కన్నా ముందు ఆ మాట మాట్లాడాలి. గర్భంలో అసిట్రోమ్ బిడ్డకి హాని చేసే అవకాశం ఉంది కాబట్టి, వాల్వు రకం నిర్ణయం ఆమెకి, ఇంట్లో వాళ్లకి అన్నీ చెప్పాకే.

హార్బర్ సిస్టర్

అయితే నా ఇండెంటు ఇలా మార్చాను, తప్పుంటే చెప్పండి. మొదటి కేసుకి అయోర్టిక్ 17, 19, 21, పెద్ద ఈవోఏ ఇచ్చే మోడల్‌లో, 19 మాత్రం రెండు. మిట్రల్ 25, 27, 29, అందులో 27 రెండు. రెండో కేసుకి అయోర్టిక్ 21, 23, 25, అందులో 23 రెండు. ఆయా కంపెనీల సైజర్ సెట్లు, రొటేటర్లు, టెస్టర్లు. ప్యాచ్ రెండు. స్టాకు హైదరాబాద్ నుంచి రావాల్సినవి లిస్టుకి రెండు రోజుల ముందే చేరాలని సప్లయర్‌కి చెప్పాను.

భీమిలి స్క్రబ్

బాగుంది సిస్టర్. రెండు చేర్చండి. ఆ 17 మీరు తెప్పించే మోడల్‌లో అసలు ఉందో లేదో సప్లయర్‌ని అడగండి, అన్ని మోడళ్లలో ఉండదు. లేకపోతే ఆ కేసుకి ప్యాచ్ తప్పనిసరి అనుకుని బోర్డు మీద రాయండి. రెండోది, సప్లయర్ పెట్టెలు తెచ్చిన రోజే ప్రతి పెట్టె తడి తగలకుండా, లోపలి రెండు పొరలు చిరగకుండా ఉన్నాయో చూసి, ఎక్స్‌పైరీ దగ్గరున్నది షెల్ఫులో ముందుకి పెట్టండి. మన ఊరి గాలిలో అట్టపెట్టె త్వరగా మెత్తబడుతుంది, నేల మీద పెట్టొద్దు.

హార్బర్ సిస్టర్

అడిగాను మేడమ్. ఆ మోడల్‌లో 19తోనే మొదలవుతుందట. మొదటి కేసు పక్కన "ప్యాచ్ సిద్ధం, మిట్రల్ తర్వాత అయోర్టిక్ మళ్లీ కొలవాలి" అని రిజిస్టరులో ఎర్ర ఇంకుతో రాశాను.